చేవ ఉంటేనే మహాగని!

'ఎకరానికి నాలుగొందల మొక్కలు. పన్నెండేళ్లు ఓపిక పడితే చాలు. చెట్టుకి పాతికవేలు. మొత్తం కోటి రూపాయలు!'

రంగురంగుల కరపత్రం మీద పెద్దక్షరాల్లో ఉన్న మాటలివి. పెద్దాపురం దగ్గర ఓ మెట్ట పల్లెలో, వీధి అరుగు మీద కూర్చుని ఆ కాగితాన్ని నాలుగోసారి చదివారు మాస్టారు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నాలుగొందలని పాతికవేలతో గుణిస్తే కోటే వస్తుంది. గుణకారంలో తప్పు లేదు. అయినా మనసెందుకో ఒప్పుకోవడం లేదు.

కరపత్రం తెచ్చింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు. 'మామిడి మీద ఏం మిగులుతోంది నాన్నా? ఓ ఏడు పూత నిలవదు. పూత నిలిచిన ఏడు ధర ఉండదు. మందులూ కాపలా కూలీలూ పోను చేతికొచ్చేదెంత?' అన్నాడు. ఆ మాటా నిజమే. ఈ మూడేళ్లుగా తోట ఖర్చుకి పెన్షన్‌లోంచి తీసి పెడుతున్న సంగతి భార్యాభర్తలిద్దరికే తెలుసు.

కానీ ఆ రెండెకరాల్లో ఉన్న డెబ్భై మామిడి చెట్లూ మాస్టారి తండ్రి కావిడితో నీళ్లు మోసి బతికించినవి. ఇప్పుడు వాటిని కొట్టించేసి మహాగని వేయాలి. ఆదివారం ఏజెంటు వచ్చి అడ్వాన్సు తీసుకుంటాడు. పై వారానికి తోటలో రంపాలు దిగుతాయి.

శుక్రవారం పొద్దున్న వీధి తలుపు బందులు బిగించడానికి ఆచారిగారు వచ్చారు. డెబ్భై దాటినా చేతిలో ఉలి వణకని వడ్రంగి. కాఫీ తాగుతూ కరపత్రంలో బొమ్మ చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

'ఏ మహాగని మాస్టారూ?'

'ఏ మహాగనేమిటి ఆచారిగారూ, మహాగనే!'

'టేకంటే టేకేనండి. మహాగని సంగతి అలా కాదు. మిల్లులో ఎర్రగా కనిపించిన కర్రల్లా మహాగనే. అందుకే అడుగుతున్నా... ఏ మహాగని?'

మాస్టారి దగ్గర సమాధానం లేదు. ఆదివారానికింకా రెండు రోజులుంది. పుస్తకాలూ మనవరాలి ఫోనూ ముందేసుకుని మళ్లీ విద్యార్థి అయిపోయారాయన.

వేపకు చుట్టమే!

మొదటి ఆశ్చర్యం వాకిట్లోనే ఎదురైంది. పెరట్లో వేపచెట్టూ ఎక్కడో సముద్రాల అవతల పుట్టిన మహాగనీ ఒకే కుటుంబానికి చెందినవట. వృక్షశాస్త్రంలో ఆ కుటుంబం పేరు మీలియేసీ. మనవాళ్లు ఈమధ్య పొలాల్లో వేస్తున్న మలబారు వేపా అందులోదే.

ఈ కుటుంబంలో 'స్వైటీనియా' అనే ప్రజాతికి చెందిన చెట్లే అసలైన మహాగనులు. వియన్నాలో మహారాణి మరియా థెరీసా ఆస్థాన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వైటెన్ గౌరవార్థం 1760లో పెట్టిన పేరది. ఈ అసలు మహాగనులు ముచ్చటగా మూడే మూడు.

మొదటిది చిన్నాకుల మహాగని. క్యూబా, జమైకా, బహామాస్ లాంటి కరీబియన్ దీవులూ అమెరికాలో ఫ్లోరిడా దక్షిణపు కొసా దీని పుట్టిళ్లు. మూడింట్లోకీ కర్ర బాగా చిక్కన, రంగు బాగా ముదురు. పాత కాలపు యూరప్ సామాన్లలో మేలైనవి దీంతో చేసినవే. రెండోది పెద్దాకుల మహాగని. మెక్సికో దక్షిణం నుంచి బ్రెజిల్, బొలీవియా అడవుల దాకా పెరుగుతుంది. ముప్ఫై నలభై మీటర్ల ఎత్తుకి అవలీలగా వెళ్తుంది. నేడు ప్రపంచంలో తోటలుగా వేస్తున్నదీ మన నర్సరీల్లో మహాగని పేరుతో ఎక్కువగా దొరికేదీ ఇదే. మూడోది మధ్య అమెరికాలో పసిఫిక్ తీరం వెంట పెరిగే పొట్టి రకం. దాని కలప వ్యాపారం తక్కువ.

మన దేశానికి చిన్నాకుల మహాగని 1795లోనే వచ్చింది. వెస్టిండీస్ నుంచి తెచ్చి కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో నాటారు. పెద్దాకులది 1872లో అదే తోటకి చేరింది. అంటే మహాగని మనకి నిన్న మొన్న వచ్చిన కొత్త పంటేమీ కాదు. రెండు శతాబ్దాలుగా ఇక్కడే ఉంది. కోటి రూపాయల కబురే కొత్తది!

దివాణం కుర్చీ నుంచి గిటార్ దాకా

ఇంతకీ మహాగనికి అంత పేరెందుకొచ్చింది?

ఆచారిగారి మాటల్లో చెప్పాలంటే అది 'మాట వినే కర్ర'. ఎండకీ వానకీ కలప ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. తలుపు బిగుసుకుపోవడానికీ బల్ల వంకర తిరగడానికీ అదే కారణం. మహాగనిలో ఆ మార్పు చాలా తక్కువ. ఉలికి లొంగుతుంది, చిత్రిక పడితే నున్నగా వస్తుంది, పాలిష్ పట్టిస్తే అద్దంలా మెరుస్తుంది. కోసినప్పుడు లేత గులాబీ రంగులో ఉన్న చెక్క ఏళ్లు గడిచేకొద్దీ ముదురెరుపుకి తిరుగుతుంది. వెడల్పాటి పలకలూ వస్తాయి.

1721లో బ్రిటన్ తన అమెరికా వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. అంతే... లండన్ వడ్రంగుల చేతికి మహాగని వచ్చిపడింది. థామస్ చిప్పెండేల్ 1754లో సామాన్ల నమూనాలతో ఓ పుస్తకం వేశాడు. చెక్కడం పనితో నాజూకైన కాళ్లున్న ఆ కుర్చీలూ బల్లలూ ధనవంతుల ఇళ్లలో హోదాకి గుర్తయ్యాయి. ఆ మోజు సముద్రాలు దాటి మన జమీందారీ దివాణాల దాకా వచ్చింది.

కుర్చీలతోనే ఆగలేదు. పియానో పెట్టెలు, ఓడల్లో గదులు, పడవలు... అన్నిటికీ మహాగనే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం నడిపిన పీటీ బోట్లకు మహాగని పలకలు రెండు వరుసలుగా బిగించారు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్‌పాల్ ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లు మహాగనిదే. ఇనప సామాన్లు పోతపోసే ఫౌండ్రీల్లో అచ్చుకు వాడే చెక్క నమూనాలకూ దీన్నే ఏరికోరి తెచ్చుకునేవారు. కొలత వెంట్రుకవాసి మారినా పోత చెడుతుంది మరి!

అయితే ఈ మెరుపు వెనక ఓ చీకటి కథుంది. ఇప్పటి బెలిజ్ దేశం ఒకప్పుడు బ్రిటిష్ హోండురాస్. అక్కడి అడవుల్లో మహాగని నరికింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు. అడవిలో మహాగని గుంపుగా ఉండదు, ఎక్కడో ఒకటి అక్కడో ఒకటి ఉంటుంది. అందుకని ఆకులు రంగు తిరిగే ఆగస్టులో అనుభవమున్న ఒకడు అన్నిటికంటే ఎత్తయిన చెట్టెక్కి, ఏ దిక్కున మహాగని ఉందో ఆ రంగుని బట్టి పోల్చుకునేవాడు. ఆ గుర్తు పట్టుకుని మిగతావాళ్లు గొడ్డళ్లతో దారి చేసుకుంటూ వెళ్లేవారు. 1981లో స్వతంత్రం వచ్చాక బెలిజ్ తన జెండా మీద మహాగని చెట్టునీ దాని ముందు ఇద్దరు కలపకూలీల్నీ నిలబెట్టుకుంది.

అంతలా నరికితే ఏమవుతుంది? దీవుల్లో మేలైన చెట్లు ముందే అయిపోయాయి. వ్యాపారం పెద్దాకుల మహాగని మీద పడింది. అదీ తరిగిపోతుంటే 2001లో బ్రెజిల్ నరికివేతను ఆపేసింది. ప్రమాదంలో ఉన్న మొక్కలూ జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే 'సైటిస్' ఒప్పందంలోని రెండో జాబితాలోకి అమెరికా ఖండాల పెద్దాకుల మహాగని 2003లో చేరింది. మిగిలిన రెండు రకాలూ అంతకుముందే ఆ జాబితాలో ఉన్నాయి. అడవిలో చెట్టు కరువైంది, పేరుకి మాత్రం గిరాకీ తగ్గలేదు. ఆ ఖాళీలోకి వేరే చెట్లు వచ్చి చేరాయి.

ఒకటే పేరు... ఎన్నో చెట్లు!

వాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఆఫ్రికన్ మహాగని. దీని ప్రజాతి ఖయా. ఇదీ వేప కుటుంబమే కాబట్టి స్వైటీనియాకి దాయాది అనుకోవచ్చు. రంగూ పనితనమూ బాగా దగ్గర. ఇందులోనే నాలుగైదు రకాలున్నాయి. వాననీటి అడవుల్లో పెరిగేది ఒకటి, సెనెగల్ వైపు పొడినేలల్ని తట్టుకునేది ఇంకొకటి. అక్కడా నరికివేత శ్రుతిమించడంతో ఆఫ్రికాలోని ఖయా చెట్లను 2022లో సైటిస్ జాబితాలోకి తెచ్చారు.

సపేలీ అనే ఇంకో ఆఫ్రికా చెట్టుంది. చెక్క మీద రిబ్బను పరిచినట్లు చారలుంటాయి. తలుపులకీ ప్లైవుడ్ మీద అంటించే పల్చటి పొరలకీ గిటార్లకీ వాడతారు. ఇదీ మహాగని కుటుంబమే, కానీ మహాగని కాదు.

అన్నిటికంటే విచిత్రం ఫిలిప్పీన్ మహాగని. ఈ పేరుతో అమ్మే లవాన్ చెట్లకి మహాగనితో చుట్టరికమే లేదు. అవి మన గుగ్గిలం చెట్టు బంధువులు. అమెరికాలో దీనిమీద ఏళ్ల తరబడి తగువు నడిచింది. ముందు 'ఫిలిప్పీన్' అన్న మాట చేర్చకుండా ఉత్త 'మహాగని' అని అమ్మకూడదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చాల్సి వచ్చింది.

మన దేశంలోనూ ఈ కుటుంబపు చెట్లు లేకపోలేదు. ఈశాన్యంలోనూ హిమాలయాల దిగువనా కనిపించే తూన్ చెట్టు కలప సామాన్లకి వాడతారు. కొన్నిచోట్ల కొండవేప అని పిలిచే చుక్రాసియా ఉంది. ఇక ఇంకొకటి... మాస్టారి ఇంటికి కూతవేటు దూరంలోనే ఉంది. దాన్ని చూపించింది ఆచారిగారు.

గుడి గుమ్మంలో మన మహాగని

శనివారం సాయంత్రం ఇద్దరూ ఊళ్లో పాత గుడికి వెళ్లారు. గర్భగుడి ద్వారబంధం మీద చెయ్యేసి ఆచారిగారు అన్నారు, 'ఇది సోమిద మాస్టారూ. మా ముత్తాతగారి చేతిపని. దీనిమీద ఉలి పెడితే ఉలే అరుగుతుంది. ఇన్నేళ్లలో చెద కన్నెత్తి చూడలేదు.'

ఇంటికొచ్చి వెతికితే మాస్టారికి పక్క ఊరి కథే దొరికింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1781 నుంచి సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేశాడు. అక్కడ తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలన్నిటినీ బొమ్మలు గీయించి వివరాలు రాశాడు. సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో ఎర్రటి, బరువైన కలపనిచ్చే ఓ పెద్ద చెట్టు చూసి దాన్ని మహాగని ప్రజాతిలోనే చేర్చి 'స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా' అన్నాడు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేదని. ఇక్కడివాళ్లు దాన్ని అన్నిటికంటే మన్నికైన కర్రగా భావిస్తారనీ అందుకే గుళ్లలో చెక్కపనికి వాడతారనీ రాసుకున్నాడు.

అతనికి కర్రకంటే బెరడు మీదే ఎక్కువ ఆశ. అప్పట్లో చలిజ్వరానికి మందైన సింకోనా బెరడు పెరూ నుంచి రావాలి. దానికి బదులు ఇది పనికొస్తుందేమోనని పరీక్షలు చేసి 1793లో లండన్‌లో చిన్న పుస్తకమే వేయించాడు. చివరికి సింకోనాదే పైచేయి అయింది. తర్వాత శాస్త్రవేత్తలు ఈ చెట్టుని మహాగనుల నుంచి విడదీసి 1830లో కొత్త ప్రజాతి పేరు ఖాయం చేశారు... 'సోయ్‌మిడా'. మన 'సోమిద'కు లాటిన్ వేషం! ప్రపంచంలో ఏ మూల వృక్షశాస్త్రవేత్త అయినా ఈ చెట్టు పేరు చెప్పాలంటే తెలుగు మాట పలకాల్సిందే.

అదే రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్లాడు. రెండేళ్లకే ఆ తోటలో వెస్టిండీస్ మహాగని నాటారు. సొంతగడ్డ సోమిద సంగతి మాత్రం నెమ్మదిగా మరుగునపడింది. అది తాపీగా పెరిగే చెట్టు. తొందర ఉన్నవాళ్లకి నచ్చదు.

లెక్కల మాస్టారి లెక్క

శనివారం రాత్రి భోజనాలయ్యాక మాస్టారు, కొడుకు, ఆచారిగారు అరుగు మీద చేరారు. మధ్యలో కరపత్రం, తెల్ల కాగితం.

'మిల్లులో దుంగనెలా కొలుస్తారు ఆచారిగారూ?'

'చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించి, పొడవుతో హెచ్చవేస్తామండి. ఘనపుటడుగులు వస్తాయి.'

'సరే. పన్నెండేళ్లకి చెట్టు చుట్టుకొలత మూడడుగులు. తిన్నగా ఉన్న మొద్దు పన్నెండడుగులు.'

'అది చాలా బాగా పెరిగిన చెట్టు మాటండి.'

'బాగా పెరిగిందనే అనుకుందాం.' మాస్టారు కాగితం మీద వేశారు. మూడుని నాలుగుతో భాగిస్తే ముప్పావు. ముప్పావు ముప్పావులు పన్నెండు... ఆరుంముప్పావు ఘనపుటడుగులు. చెట్టుకి పాతికవేలు రావాలంటే ఘనపుటడుగు మూడువేల ఏడొందలకి అమ్ముడుపోవాలి.

'ఇంకో మాటుందండి' అన్నారు ఆచారిగారు. 'లేత చెట్టులో సగం తెల్లచెక్కే ఉంటుంది. దానికి చెద పడుతుంది, పురుగు పడుతుంది. మాకు కావాల్సింది చేవ. అది వయసుతోనే వస్తుంది. నీళ్లూ ఎరువులూ పోసి లావు చెయ్యొచ్చు, చేవ తెప్పించలేం.'

సగం చేవనుకుంటే ధర ఏడువేల నాలుగొందలు కావాలి. పన్నెండేళ్ల లేత కర్రకి అంత పెట్టేవాళ్లెవరు? కొడుకు మాట్లాడలేదు.

మాస్టారు చదివినవి ఒక్కొక్కటీ చెప్పుకొచ్చారు. ఎకరానికి నాలుగొందలంటే పదడుగులకో చెట్టు. అవన్నీ ఆఖరుదాకా ఉంటే ఒక్కటీ లావెక్కదు. మధ్యలో బలహీనమైనవి తీసేయాల్సిందే. అంటే అమ్మేది నాలుగొందల చెట్లు కాదు. రెండోది పురుగు. హిప్సిపైలా అనే చిమ్మెట పిల్లపురుగు మహాగని చిగురుకొనని తొలిచేస్తుంది. మొవ్వు చచ్చిపోయి పక్క కొమ్మలు చీలతాయి. చెట్టు చావదు గానీ తిన్నటి మొద్దు రాదు. ఈ జాతి పురుగుల వల్లే మహాగని పుట్టిన గడ్డమీద కూడా తోటలు దెబ్బతిన్నాయి. మన దేశంలోనూ దీని చెల్లెలి జాతి ఉంది. మూడోది కాలం. కలప కోసం తోటలు వేసినవాళ్లు పాతిక, ముప్ఫై, నలభై ఏళ్ల లెక్క వేసుకుంటారు. పన్నెండేళ్లది కరపత్రం లెక్క!

కరపత్రంలో ఇంకో ఆకర్షణా ఉంది... 'గింజలతో అదనపు ఆదాయం, షుగరుకి దివ్యౌషధం'. ఆకాశంకేసి నిలబడే ఆ కాయల్లోని గింజలు మింగి కాలేయమో మూత్రపిండాలో దెబ్బతిని ఆసుపత్రుల్లో చేరినవాళ్ల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అది చదవగానే మాస్టారు భార్యకేసి చూశారు. పక్కింటావిడ ఇచ్చిందని ఆవిడ తెచ్చి దాచుకున్న గింజల పొట్లం ఆ రాత్రే చెత్తబుట్టలోకి వెళ్లింది.

ఆదివారం ఏజెంటు వచ్చాడు. మర్యాదస్తుడే. కాఫీ తాగాక మాస్టారు అడిగారు, 'ఏ మహాగని బాబూ?'

'ఆఫ్రికన్ మహాగనండీ. నంబర్‌వన్ రకం.'

'మరి కాగితం మీద స్వైటీనియా అని ఉంది. అది అమెరికా చెట్టు కదా!'

కుర్రాడు తడబడ్డాడు. 'మహాగనంటే మహాగనే కదండీ' అన్నాడు. సరిగ్గా రెండు రోజుల క్రితం మాస్టారు అన్న మాట! కొనుగోలు పూచీ మాదేనన్న ఒప్పందం తీసి చూస్తే ఆఖరి పేజీలో 'అప్పటి మార్కెట్ ధర ప్రకారం' అని ఉంది. కోటి మాట కరపత్రంలో ఉందిగానీ ఒప్పందంలో ఎక్కడా లేదు. కొడుకే లేచి, 'ఇప్పుడొద్దులెండి, ఆలోచించుకుని చెప్తాం' అని పంపించేశాడు. తర్వాత తండ్రి మొహం చూడలేక కాసేపు పెరట్లోకి వెళ్లిపోయాడు.

మాస్టారు కొడుకుని ఒక్కమాటా అనలేదు. వాడు అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది... మామిడి మీద ఏం మిగులుతోంది? దానికి జవాబుగా తండ్రీకొడుకులు ఆ వారమంతా తోటలో తిరిగారు. కాపు తగ్గిన పన్నెండు చెట్లకి కొమ్మలు బాగా కత్తిరించి కొత్త చిగురు తెప్పించాలనుకున్నారు. చెట్ల మధ్య అంతరపంట వేయాలనుకున్నారు. మహాగని చెడ్డ చెట్టేమీ కాదు కాబట్టి గట్ల వెంట ఎడంగా నలభై పెద్దాకుల మొక్కలు వేయాలనుకున్నారు. వాటిమీద అప్పు చేయకూడదు, ఆశా పెంచుకోకూడదు... అదీ షరతు. సొంత పొలంలో చెట్టయినా కొట్టాలంటే ఏ జాతికి అనుమతి కావాలో, దేనికి అక్కర్లేదో అటవీశాఖ వాళ్లని ముందే కనుక్కోవాలని కాగితం మీద రాసిపెట్టుకున్నారు.

తొలకరికి మొక్కలు దిగాయి. వాటితోపాటు ఆచారిగారు ఎక్కడినుంచో రెండు సోమిద మొక్కలు సంపాదించి తెచ్చారు. ఒకటి గుడి ఆవరణలో, ఇంకొకటి తోట గేటు పక్కన నాటారు. సెలవులకొచ్చిన ఆరేళ్ల మనవరాలు చెంబుతో నీళ్లు పోస్తూ అడిగింది, 'తాతయ్యా, దీనికి చేవ ఎప్పుడొస్తుంది?'

మాస్టారు వేళ్ల మీద లెక్కేశారు. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్కలో తన పేరు లేదు, ఆచారిగారి పేరూ లేదు. కొడుకు పేరు కూడా అనుమానమే.

'నీ జుట్టు నెరిసేటప్పటికి' అన్నారు నవ్వుతూ.

'అమ్మో, అన్నేళ్లా!' అంది ఆ పిల్ల. అని, చెంబులో మిగిలిన నీళ్లు కూడా పోసేసింది.